ఫిల్మ్ కండక్ట్ చేస్తోందా, కింద ఉన్న సబ్‌స్ట్రేటా?

స్ట్రాన్షియం టైటనేట్ అనే ఇన్సులేటర్ స్ఫటికం సబ్‌స్ట్రేట్, అంటే ఫిల్మ్‌కు ఆధారంగా ఉండే పలక. దాని మీద 20 నానోమీటర్ల ఆక్సైడ్ ఫిల్మ్ వేశారు. ఛాంబర్ తెరిచి, చల్లారాక మల్టీమీటర్ ప్రోబులు ఆనిస్తే రెండు మూడు వందల ఓమ్‌లు చూపిస్తోంది. సంబరపడే ముందు ఒక చిన్న లెక్క వేయాలి. సబ్‌స్ట్రేట్ మందం అర మిల్లీమీటరు, అంటే 5 లక్షల నానోమీటర్లు. మీ ఫిల్మ్ కంటే అది 25,000 రెట్లు మందం. కరెంటుకు ఫిల్మ్ ఏదో సబ్‌స్ట్రేట్ ఏదో తెలియదు. దారి ఎక్కడ దొరికితే అక్కడ పోతుంది.

ఇక ఆక్సిజన్ సంగతి. ఇన్సులేటరైన సబ్‌స్ట్రేట్ కండక్టర్‌గా మారేది అది పోయినప్పుడు. స్ట్రాన్షియం టైటనేట్‌లో ఘన సెంటీమీటరుకు సుమారు 5×10²² ఆక్సిజన్ స్థానాలుంటాయి. వాటిలో పది లక్షలకు ఒక్కటి ఖాళీ అయిందనుకుందాం. 5×10¹⁶ ఖాళీలు. ఒక్కో ఖాళీ రెండు ఎలక్ట్రాన్లను వదిలితే ఘన సెంటీమీటరుకు 10¹⁷ ఎలక్ట్రాన్లు. సబ్‌స్ట్రేట్ మందమంతా అలాగే ఉంటే చదరపు సెంటీమీటరుకు 5×10¹⁵ అవుతాయి. పోల్చి చూడటానికి, వేరే మూలకం కలిపి బాగా డోప్ చేసిన ఫిల్మ్‌లో ఘన సెంటీమీటరుకు 10²¹ ఎలక్ట్రాన్లు ఉన్నా, 20 నానోమీటర్ల మందంలో అవి 2×10¹⁵ మాత్రమే. గది ఉష్ణోగ్రత దగ్గర ఈ పదార్థంలో ఎలక్ట్రాన్ మొబిలిటీ (ఎలక్ట్రాన్లు ఎంత సులువుగా కదులుతాయన్నది) వోల్ట్-సెకనుకు 6 చదరపు సెంటీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. దాన్ని పెట్టి లెక్కిస్తే సబ్‌స్ట్రేట్ షీట్ రెసిస్టెన్స్ (ఒక చదరపు ముక్క రెసిస్టెన్స్) సుమారు 200 ఓమ్‌లు, ఫిల్మ్‌ది సుమారు 520 ఓమ్‌లు. అంటే పది లక్షలకు ఒక్క ఆక్సిజన్ పోయినందుకే కరెంటులో మూడింట రెండు వంతులకు పైగా ఫిల్మ్‌ను వదిలేసి కిందినుంచి పోతోంది.

అందుకే ఈ పనిలో నా పట్టుదల ఒక్కటే. ఫిల్మ్ వాహకత గురించి ఏ మాట అనాలన్నా ముందు సబ్‌స్ట్రేట్‌ను అనుమానించాలి. అది నిర్దోషి అని తేలాకే ఫిల్మ్ దగ్గరికి రావాలి.

ఈ చిక్కు ఎంత దూరం పోతుందో లాంథనమ్ అల్యూమినేట్ కథ చెబుతుంది. ఒతోమో, హ్వాంగ్ అనే ఇద్దరు పరిశోధకులు 2004లో ఒక ఫలితం ప్రచురించారు: లాంథనమ్ అల్యూమినేట్, స్ట్రాన్షియం టైటనేట్ రెండూ ఇన్సులేటర్లే అయినా, అవి కలిసే సరిహద్దు కండక్ట్ చేస్తుంది. పొరల్లోని ఛార్జ్ అమరికను బట్టి అక్కడికి చేరాల్సిన ఎలక్ట్రాన్లు ఒక్కో యూనిట్ సెల్‌కు (స్ఫటికంలో పదేపదే వచ్చే అతిచిన్న గడికి) సగం, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 3.3×10¹⁴. కానీ తక్కువ ఆక్సిజన్ ప్రెషర్‌లో, 10⁻⁶ మిల్లీబార్ దగ్గర, పెంచిన శాంపిళ్లలో 10¹⁶, 10¹⁷ లాంటి అంకెలు వచ్చాయి. సిద్ధాంతం ఇవ్వగలిగిన దానికంటే వంద రెట్లు ఎక్కువ ఎలక్ట్రాన్లు ఒక సరిహద్దులో ఇమడవు. 2008లో ఫ్రాన్స్ పరిశోధకులు శాంపిల్‌ను అడ్డంగా కోసి, ఆ కోత మీద కండక్టింగ్ ఏఎఫ్‌ఎం (అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్) మొనతో స్కాన్ చేశారు. ఆక్సిజన్‌లో అనీల్ చేయని, అంటే వేడిలో కొంతసేపు ఉంచని, శాంపిల్‌లో కరెంటు వందల మైక్రాన్ల లోతుదాకా పాకి ఉంది. అనీల్ చేసినదానిలో సరిహద్దు దగ్గర కొన్ని నానోమీటర్లకే పరిమితమైంది. ఫిల్మ్ అదే, సరిహద్దు అదే, తేడా అంతా ఆక్సిజన్‌దే.

ఖాళీలు ఎక్కడినుంచి వస్తాయి

వేడి, వాక్యూమ్ కలిస్తే ఆక్సిజన్ పోతుందన్నది అందరికీ తెలిసిందే. చాలామంది మరిచిపోయేది ఖాళీల వేగం. 700 డిగ్రీల పైన ఈ స్ఫటికంలో ఆక్సిజన్ ఖాళీలు ఎంత చురుకుగా కదులుతాయంటే, గంటలో అర మిల్లీమీటరు మందాన్ని దాటేయగలవు. పైభాగాన మొదలైన లోటు డిపాజిషన్ (ఫిల్మ్ వేయడం) పూర్తయ్యేలోపు అడుగుదాకా పంచబడుతుంది.

రెండో దారి కాస్త మాటుగా ఉంటుంది. పల్స్‌డ్ లేజర్ డిపాజిషన్‌లో, అంటే లేజర్ దెబ్బలతో టార్గెట్ పదార్థాన్ని ఎగరగొట్టి ఫిల్మ్ వేసే పద్ధతిలో, టార్గెట్ నుంచి ఎగిసే ప్లూమ్‌లో (ఆవిరి మేఘంలో) ఆక్సిజన్ కొరతతో ఉన్న లోహ అయాన్లు ఉంటాయి. ఛాంబర్‌లో ఆక్సిజన్ చాలకపోతే అవి సబ్‌స్ట్రేట్ పై పొరల్లోంచి లాక్కుంటాయి. ఆక్సిజన్-18 నింపిన సబ్‌స్ట్రేట్‌తో చేసిన ప్రయోగాల్లో ఆ ఐసోటోప్ ఫిల్మ్‌లో తేలింది, కాబట్టి ఇది ఊహ కాదు. అల్యూమినియం, టైటానియం, లాంథనమ్ లాంటి ఆక్సిజన్ ఆకలి ఉన్న లోహాలైతే గది ఉష్ణోగ్రత దగ్గర కూడా ఈ పని చేస్తాయి. వేడి చేయకుండా వేసిన, స్ఫటికం కాని లాంథనమ్ అల్యూమినేట్ కింద కూడా వాహకత వస్తుంది. దాన్ని ఆక్సిజన్‌లో అనీల్ చేస్తే మాయమవుతుంది. స్ఫటిక ఫిల్మ్ కింద వచ్చినదాంట్లో మాత్రం కొంత మిగులుతుంది. ఈ రెండింటి మధ్య తేడాను 2013 నాటికే సింగపూర్ బృందం చక్కగా చూపించింది. ఆ తర్వాత కూడా అనీల్ చేయని శాంపిల్ మీద పేజీలకు పేజీలు సిద్ధాంతం రాసేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

రంగు చూసి తేల్చుకోవచ్చా? బాగా రెడ్యూస్ అయిన, అంటే ఆక్సిజన్ పోగొట్టుకున్న, స్ఫటికం తెల్ల కాగితం మీద పెడితే నీలం ఛాయలో, మరీ ఎక్కువైతే నల్లగా కనిపిస్తుంది. రంగు కనబడితే సబ్‌స్ట్రేట్ పోయినట్టే. కానీ పైన లెక్కవేసిన 10¹⁷ స్థాయికి కంటికి ఏ మార్పూ కనిపించదు. స్ఫటికం తేటగా ఉందన్నది సాక్ష్యంగా నిలవదు.

సబ్‌స్ట్రేట్ తయారీ

బయట కొన్న సబ్‌స్ట్రేట్ ఉపరితలంలో స్ట్రాన్షియం ఆక్సైడ్ పొర, టైటానియం డైఆక్సైడ్ పొర కలగాపులగంగా ఉంటాయి. టైటానియం పొర ఒక్కటే మిగలాలి. అసిటోన్, ఇథనాల్ ఒక్కోదానిలో పది నిమిషాలు అల్ట్రాసోనిక్, తర్వాత డీఅయనైజ్డ్ నీటిలో అరగంట. నీటి మెట్టును దాటేయకండి. స్ట్రాన్షియం ఆక్సైడ్ నీటితో కలిసి హైడ్రాక్సైడ్ అవుతుంది, అప్పుడే తర్వాతి ఆమ్లం దాన్ని మాత్రమే ఎంచి కరిగిస్తుంది. ఆపైన పీహెచ్ 5.5 ప్రాంతంలో ఉండే బఫర్డ్ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో 30 సెకన్లు, వెంటనే నీటిలో కడిగి నైట్రోజన్‌తో ఆరబెట్టడం. చివరికి ఆక్సిజన్ ప్రవాహంలో 950 డిగ్రీల దగ్గర ఒక గంట. 30 సెకన్లు అంటే 30 సెకన్లే. నిమిషం దాటితే డిస్‌లొకేషన్లు (స్ఫటిక అమరికలోని గీతల్లాంటి లోపాలు) పైకి తేలిన చోట్లల్లా చతురస్రాకార గుంటలు పడతాయి.

హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గాజును తినేస్తుంది, చర్మం లోపలికి దిగి ఎముకలోని కాల్షియాన్ని పట్టుకుంటుంది, నొప్పి గంటల తర్వాత మొదలవుతుంది. టెఫ్లాన్ లేదా పాలీప్రొపిలీన్ బీకరు, తగిన గ్లవ్స్, ముఖకవచం, చేతికందే దూరంలో కాల్షియం గ్లూకొనేట్ జెల్ లేకుండా సీసా మూత తీయకూడదు. ఈ ఏర్పాట్లు మీ ల్యాబ్‌లో లేకపోతే ఆమ్లం జోలికే పోవద్దు. 1000 డిగ్రీల దగ్గర గంట అనీల్, డీఅయనైజ్డ్ నీటిలో అల్ట్రాసోనిక్, మళ్లీ 1000 డిగ్రీల దగ్గర గంట అనే పద్ధతి చాలా పనులకు సరిపోతుంది. పై పొరలోకి వేడితో వచ్చిన స్ట్రాన్షియాన్ని నీరే కడిగేస్తుంది.

ఏఎఫ్‌ఎంలో చూడాల్సింది ఉపరితలం మీది పరమాణు మెట్ల ఎత్తు. ప్రతి మెట్టూ 0.39 నానోమీటర్లు ఉండాలి. మధ్యలో 0.2 ప్రాంతపు మెట్లు కనిపిస్తే రెండు రకాల పొరలూ ఉన్నట్టు. మిస్‌కట్ కోణం 0.1 డిగ్రీ అయితే ఒక్కో మెట్టు వెడల్పు సుమారు 224 నానోమీటర్లు రావాలి. అంతకన్నా బాగా ఇరుకుగా ఉంటే కోత వంకర ఎక్కువని సప్లయర్‌ను అడగండి.

సబ్‌స్ట్రేట్‌ను హీటర్‌కు సిల్వర్ పేస్ట్‌తో అతికించేవాళ్లు ఒకటి గమనించాలి. పేస్ట్‌లోని ఆర్గానిక్ బైండర్ పూర్తిగా పోకముందే వాక్యూమ్‌లో వేడి చేస్తే, అది కాలుతూ సబ్‌స్ట్రేట్ అడుగునుంచి ఆక్సిజన్ లాగేస్తుంది. 100 నుంచి 150 డిగ్రీల మధ్య గాలిలో అరగంట ఆరనివ్వండి. అంచులమీదికి పాకిన వెండి ఫిల్మ్‌ను అడుగుతో షార్ట్ చేస్తుంది. కొలతకు ముందు నాలుగు అంచులనూ డైమండ్ ఫైల్‌తో గీకడం, అడుగును పాలిష్ చేయడం తప్పనిసరి. ఇంకో సంగతి, ఈ స్ఫటికం ఇన్‌ఫ్రారెడ్‌కు చాలావరకు పారదర్శకం. ఇన్‌ఫ్రారెడ్‌ను బట్టి ఉష్ణోగ్రత చెప్పే పైరోమీటర్ చూపించేది వెనక ఉన్న వెండి లేదా హోల్డర్ ఉష్ణోగ్రత, స్ఫటికంది కాదు.

లేజర్, ప్రెషర్

248 నానోమీటర్ల క్రిప్టాన్ ఫ్లోరైడ్ లేజర్‌తో, టార్గెట్ నుంచి సబ్‌స్ట్రేట్‌కు 50 మిల్లీమీటర్ల దూరంలో, 750 డిగ్రీల ప్రాంతంలో, సెకనుకు ఒక పల్స్‌తో మొదలుపెట్టవచ్చు. టార్గెట్ మీద లేజర్ మచ్చ వైశాల్యం 2 చదరపు మిల్లీమీటర్లు అనుకుంటే 40 మిల్లీజౌళ్లకు చదరపు సెంటీమీటరుకు 2 జౌళ్లు వస్తాయి. ఆ 40 మిల్లీజౌళ్లు టార్గెట్‌ను తాకే దగ్గర ఉండాలి, లేజర్ డిస్‌ప్లే మీద కాదు. ఛాంబర్ కిటికీ లోపలివైపు ప్రతి రన్‌లో కొంత పదార్థం అతుక్కుని మసకబారుతుంది. పది రన్‌ల క్రితం కొలిచిన శక్తిని నమ్మి పనిచేస్తే ఫ్లూయెన్స్ (చదరపు సెంటీమీటరుకు పడే శక్తి) మీకు తెలియకుండానే పడిపోతుంది. కిటికీకి ఇవతల, అవతల రెండు చోట్లా కొలిచి నిష్పత్తి రాసుకోండి. మచ్చ వైశాల్యాన్ని థర్మల్ పేపర్ మీద పడిన గుర్తుతో కొలవండి.

ఫ్లూయెన్స్ మీద ఇంత పట్టింపు ఎందుకంటే, అది పడిపోతే ఫిల్మ్ నెమ్మదిగా పెరగడంతో ఊరుకోదు, దాని కూర్పే మారుతుంది. స్ట్రాన్షియం టైటనేట్ ఫిల్మ్‌లో తక్కువ ఫ్లూయెన్స్‌కు స్ట్రాన్షియం ఎక్కువవుతుంది, ఎక్కువ ఫ్లూయెన్స్‌కు అది తగ్గి టైటానియం ఎక్కువవుతుంది. స్ట్రాన్షియం ఖాళీలు ఎలక్ట్రాన్లను మింగుతాయి. నియోబియం ఒక శాతం కలిపిన టార్గెట్ వాడినా ఫిల్మ్‌లో ఎలక్ట్రాన్లు లెక్కకు సగం కూడా రాకపోతే, డోపింగ్ తప్పనుకునే ముందు ఇక్కడ చూడాలి.

ఎక్స్‌రే ఈ తప్పును వెంటనే పట్టిస్తుంది. స్ట్రాన్షియం టైటనేట్ మీదే స్ట్రాన్షియం టైటనేట్ వేస్తే, నిష్పత్తి సరిగ్గా ఉన్నప్పుడు ఫిల్మ్ పీక్ సబ్‌స్ట్రేట్ పీక్‌లో కలిసిపోయి కనబడదు. రాగి ఎక్స్‌రేతో 002 పీక్ 46.47 డిగ్రీల దగ్గర వస్తుంది. ఫిల్మ్ నిలువు లాటిస్ (యూనిట్ సెల్ ఎత్తు) 3.905 నుంచి 3.92 ఆంగ్‌స్ట్రామ్‌లకు ఉబ్బితే 46.28 దగ్గర వేరే పీక్ తేలుతుంది. స్ట్రాన్షియం ఎక్కువైనా, తక్కువైనా లాటిస్ ఉబ్బుతుంది కాబట్టి పీక్ ఉందంటే తప్పు జరిగిందనే తెలుస్తుంది, ఏ వైపో తెలియదు. ఫ్లూయెన్స్‌ను ఒక్కో మెట్టు మార్చి నాలుగైదు ఫిల్మ్‌లు వేస్తే పీక్ మాయమయ్యే చోటు దొరుకుతుంది. ఒక ల్యాబ్‌లో దొరికిన అంకె ఇంకో ల్యాబ్‌కు పనికిరాదు, మచ్చ ఆకారం, దూరం, ప్రెషర్ అన్నీ దాన్ని జరుపుతాయి. లాంథనమ్ అల్యూమినేట్‌లోనూ ఇదే తంతు. లాంథనమ్ అల్యూమినియం కంటే కాస్త తక్కువ ఉన్న ఫిల్మ్‌ల కిందే సరిహద్దు కండక్ట్ చేస్తుంది. లాంథనమ్ ఎక్కువైతే ఎన్ని పొరలు వేసినా ఇన్సులేటరే.

అందరూ తప్పటడుగు వేసేది ప్రెషర్ దగ్గర. ఆక్సిజన్ ఖాళీల ప్రభావం చూడాలని 10⁻⁵ నుంచి 10⁻¹ మిల్లీబార్ దాకా ప్రెషర్ మారుస్తూ వరుసగా ఫిల్మ్‌లు వేస్తారు. వాహకత పడిపోతుంది, ఖాళీలు తగ్గాయని రాసేస్తారు. కానీ 10⁻¹ దగ్గర గ్యాస్ ప్లూమ్‌ను అడ్డుకుంటుంది, తేలిక అయాన్లు, బరువు అయాన్లు వేరువేరుగా చెదురుతాయి, లోహాల నిష్పత్తీ మారుతుంది. ఒకేసారి రెండు మీటలు నొక్కి ఒకదానికే పేరు పెట్టినట్టు. ఖాళీల ప్రభావం ఒక్కటే కావాలంటే ఫిల్మ్‌లన్నిటినీ ఒకే ప్రెషర్‌లో వేసి, తర్వాత వేర్వేరు ఆక్సిజన్ ప్రెషర్లలో అనీల్ చేయాలి.

అనీల్, ఆ తర్వాత పరీక్షలు

వేడెక్కేటప్పుడే 0.1 మిల్లీబార్ ఆక్సిజన్ వదిలి ఉంచితే సబ్‌స్ట్రేట్ చాలావరకు బాగుంటుంది. చివరి పల్స్ అయ్యాక టర్బో పంపు వాల్వ్ మూసి ఛాంబర్‌ను 400 మిల్లీబార్ దాకా ఆక్సిజన్‌తో నింపండి. గ్యాస్ తాకగానే ఉష్ణోగ్రత దబ్బున పడిపోతుంది, హీటర్ పవర్ పెంచడానికి సిద్ధంగా ఉండాలి. 600 డిగ్రీల దగ్గర గంట, 430 దగ్గర ఇంకో గంట ఆపి, నిమిషానికి 10 డిగ్రీల చొప్పున దించండి. రెండు మజిలీలు ఎందుకంటే, ఎక్కువ వేడిలో ఆక్సిజన్ త్వరగా లోపలికి పోతుంది కానీ సమతుల్యంలో మిగిలే ఖాళీలు ఎక్కువ, తక్కువ వేడిలో మిగిలేవి తక్కువ కానీ లోపలికి పోయే వేగం తక్కువ. కొలిచాక మళ్లీ ఒకసారి అదే అనీల్ చేసి మళ్లీ కొలవండి. అంకె మారితే మొదటి అనీల్ చాలలేదు.

సబ్‌స్ట్రేట్‌ను నిలదీసే పరీక్షల్లో అన్నిటికంటే చవకైనది ఖాళీ సబ్‌స్ట్రేట్. ఫిల్మ్ వేసినప్పుడు ఏ వేడి, ఏ ప్రెషర్, ఎంతసేపు పెట్టారో అంతా యథాతథంగా, లేజర్ మాత్రం వేయకుండా ఒక సబ్‌స్ట్రేట్‌కు పెట్టి కొలవండి. ఇది కండక్ట్ చేస్తే ఇక చర్చ లేదు. చేయకపోయినా సగమే గెలిచినట్టు, ఎందుకంటే ప్లూమ్ లాక్కునే ఆక్సిజన్ ఇక్కడ లెక్కకు రాదు.

దానికోసం మందం పరీక్ష. 10, 20, 40 నానోమీటర్ల ఫిల్మ్‌లు మూడు వేసి షీట్ కండక్టెన్స్‌ను మందం మీద గ్రాఫ్ గీయండి. గీత సున్నా మందం దగ్గర సున్నాకు రాకుండా పైన ఆగితే, ఆ మిగులు ఫిల్మ్‌ది కాదు. లాంథనమ్ అల్యూమినేట్ సరిహద్దుకు ఈ పరీక్ష వర్తించదు, అక్కడ 4 యూనిట్ సెల్‌ల దగ్గర వాహకత ఒక్కసారిగా మొదలవుతుంది. 3 సెల్‌ల ఫిల్మ్ కూడా కండక్ట్ చేస్తే ఆక్సిజన్ ఖాళీలనే అనుమానించండి. వీలుంటే అదే ఫిల్మ్‌ను ఎల్‌ఎస్ఏటీ (లాంథనమ్, స్ట్రాన్షియం, అల్యూమినియం, టాంటలం ఉన్న ఆక్సైడ్) సబ్‌స్ట్రేట్ మీద కూడా వేయండి. దాని లాటిస్ 3.868 ఆంగ్‌స్ట్రామ్‌లు, దగ్గరగానే ఉంటుంది, పైగా అంత సులువుగా కండక్టర్ కాదు.

ద్రవ హీలియం అందుబాటులో ఉంటే 300 కెల్విన్, 4 కెల్విన్ రెసిస్టెన్స్‌ల నిష్పత్తి చూడండి. కొద్దిగా రెడ్యూస్ అయిన స్వచ్ఛమైన స్ఫటికంలో చల్లబడ్డాక మొబిలిటీ 10⁴ దాటుతుంది. నిష్పత్తి వేలల్లో వస్తే అది లేజర్‌తో వేసిన లోపాల ఫిల్మ్ చేయగలిగే పని కాదు. నైట్రోజన్ మాత్రమే ఉన్నచోట 77 కెల్విన్ కొలత సూచనగా పనికొస్తుంది, తీర్పుగా కాదు.

ప్యాటర్నింగ్ చేసేవాళ్లకు ఒక గట్టి హెచ్చరిక. ఆర్గాన్ అయాన్లు తాకితే స్ట్రాన్షియం టైటనేట్ పై పొర, పది ఇరవై నానోమీటర్ల లోతున, ఆక్సిజన్ పోగొట్టుకుని కండక్టర్ అవుతుంది. ఫిల్మ్‌ను చెక్కి పట్టీలు విడదీద్దామని అయాన్ మిల్లింగ్ చేస్తే, పట్టీల మధ్య తవ్విన కాలువే కరెంటును కలిపేస్తుంది. చెక్కడం ఫిల్మ్ అయిపోగానే ఆపాలి, తర్వాత ఆక్సిజన్‌లో అనీల్ చేయాలి. రెండు పట్టీల మధ్య రెసిస్టెన్స్ మెగా ఓమ్‌లలో లేకపోతే ఆ శాంపిల్ కొలతలు పక్కన పెట్టండి. కాంటాక్టుల్లోనూ ఇదే రకం దొంగతనం ఉంది. బంగారం, ప్లాటినం నేరుగా వేస్తే షాట్కీ అడ్డు (లోహం, స్ఫటికం కలిసే చోట కరెంటును ఆపే అడ్డుగోడ) వస్తుంది. టైటానియం కింద వేసి పైన బంగారం వేస్తే ఓమిక్ (ఆ అడ్డు లేని) కాంటాక్ట్ వస్తుంది, ఆ టైటానియం కింది ఆక్సిజన్‌ను లాక్కోవడం కూడా అందుకు సాయపడుతుంది. అందుకే కాంటాక్టులు చిన్నగా, సరిగ్గా మూలల్లో పెట్టాలి. అంచున పెట్టిన నాలుగు కాంటాక్టులతో షీట్ రెసిస్టెన్స్ కొలిచే వాన్ డెర్ పావ్ సూత్రం కోరేదీ అదే.

నానో స్థాయిలో చూస్తే ఖాళీలు సమంగా పరుచుకోవు. డిస్‌లొకేషన్ల వెంట గుంపు కడతాయి. 2006లో జర్మనీలోని యూలిష్ పరిశోధకులు ఏఎఫ్‌ఎం మొనతో ఒక్కో డిస్‌లొకేషన్ రెసిస్టెన్స్‌ను మార్చి చూపించారు. కండక్టింగ్ ఏఎఫ్‌ఎం బొమ్మలో మీకు చుక్కలు చుక్కలుగా కరెంటు కనిపిస్తే, సగటు వాహకత అంకెకు అర్థం తక్కువ. మొన అరిగిందేమో కూడా చూడండి. ప్లాటినం పూత మొనలు ఆక్సైడ్ మీద నాలుగైదు స్కాన్‌లకే పాడవుతాయి, డైమండ్ పూతవి ఖరీదైనా మన్నుతాయి. నిలకడైన వాహకత కావాలంటే ఖాళీల మీద ఆధారపడకుండా లాంథనమ్‌తోనో నియోబియంతోనో డోప్ చేయడమే మేలు. వేడి తగిలితే ఖాళీలు కదులుతాయి, నియోబియం తన చోట తానుంటుంది.

వెలుగు సంగతి చివరికి వదిలేశాను కానీ చిన్నది కాదు. ఈ పదార్థం కాంతి తాకాక పెరిగిన వాహకతను గంటలు, కొన్నిసార్లు రోజులు నిలుపుకుంటుంది. ఎక్కువ వేడిలో అనీల్ చేసిన స్ఫటికాల్లో అది గది ఉష్ణోగ్రత దగ్గరే వంద రెట్లు పెరగడం 2013లో ప్రచురితమైంది. ఎక్స్‌రే, సింక్రోట్రాన్ కాంతి అయితే ఏకంగా ఉపరితలంలోంచి ఆక్సిజన్‌నే పెకలిస్తాయి. కొలిచే ముందు వైర్లు పెట్టిన శాంపిల్‌ను వెలుగు చొరని పెట్టెలో 24 గంటలు ఉంచి, చీకట్లోనే మొదటి కొలత తీసుకోండి. తర్వాత ట్యూబ్‌లైట్ వేసి ఇంకోసారి కొలిచి, రెండు అంకెలనూ పక్కపక్కనే నోట్‌బుక్‌లో రాయండి.